పదిసార్లలో ఒకసారి పోయే గఫార్

నేను గఫార్ అన్నను చంపలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు సగం బరువు దిగుతుంది. మొగుళ్లపల్లి మండలంలో ఇప్పటికీ నన్ను చూస్తే "గఫార్‌ను చంపిన మేడం" అని గుసగుసలాడేవాళ్లు ఉన్నారు. చంపింది నేను కాదు, టెస్టు. అది కూడా రోజూ కాదు, పదిసార్లలో ఒకసారి.

నా పేరు మనోరమ. పుట్టింది మొగుళ్లపల్లి. జనగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ చెబుతాను. నాకు నోరు ఎక్కువ అంటారు. ఉన్నమాట అన్నవాళ్లందరికీ నోరు ఎక్కువే. నాలుగేళ్ల కిందట నేనూ, నా దగ్గరే చదువుకుని ఇప్పుడు మహబూబాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్న జశ్వంతూ కలిసి 'బాయికాడ' అని ఒక ప్రోగ్రాము రాశాం. పొలంలో ఉన్న బావి మోటారును ఇంట్లో కూర్చుని ఫోనుతో నడపడానికి. ఓపెన్ సోర్సు. అంటే ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. వాడుకునేవాళ్లు వందలమంది. దిద్దేవాళ్లం ఇద్దరమే.

అందులో ముఖ్యమైన పని మోటారును నడపడం కాదు, నడవకుండా ఆపడం. మా వైపు స్టార్టరు డబ్బాలకు ఇనుప జాలీ బిగించి తాళం వేస్తారు, లేకపోతే తెల్లారేసరికి రాగి తీగ మాయం. తాళంచెవి యజమాని దగ్గర, యజమాని ఏ ఊళ్లోనో ఉద్యోగంలో. బావిలోకి దిగి మోటారు బాగుచేసేవాడు ఫ్యూజు పీకి జేబులో వేసుకుందామన్నా దారి లేదు. దానికి తోడు ప్రతి డబ్బాలో ఆటో పెట్టి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిందంటే మోటారు తనంతట తానే తిరుగుతుంది. అందుకే మేము ఫోనులో ఒక మీట పెట్టాం: 'మనిషి దిగుతున్నాడు'. ఆ మీట నొక్కాక, 'మనిషి పైకొచ్చాడు' అని మళ్లీ నొక్కేదాకా, కరెంటు వెయ్యిసార్లు పోయి వచ్చినా మోటారు కదలకూడదు. నొక్కగానే ఫోను 'దిగండి' అంటుంది. మెకానిక్కు దిగుతాడు.

ఆ మెకానిక్కే గఫార్ అన్న. మొగుళ్లపల్లిలో ఉంటాడు, చుట్టుపక్కల పదిహేను ఊళ్ల మోటార్లు ఆయన చేతి మీదే తిరుగుతాయి. మా ప్రోగ్రామును మొట్టమొదట నమ్మి బావిలోకి దిగినవాడూ ఆయనే. ఆ గౌరవం కొద్దీ ఒక టెస్టుకు ఆయన పేరు పెట్టాను. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చినా నాలుగు వందల పన్నెండు టెస్టులు వాటంతటవే నడుస్తాయి. అందులో ఇది ఒకటి. కంప్యూటరులోనే ఒక ఉత్తుత్తి బావి, ఉత్తుత్తి కరెంటు, ఉత్తుత్తి గఫార్. గఫార్ మీట నొక్కుతాడు, కరెంటు పోయి వస్తుంది, మోటారు తిరగకపోతే పచ్చగా 'గఫార్ బతికి ఉన్నాడు' అని వస్తుంది. తిరిగితే ఎర్రగా 'గఫార్ చనిపోయాడు'. టెస్టు పేరు చదవగానే అదెందుకుందో గుర్తుకు రావాలని పిల్లలకు రోజూ చెబుతాను కదా, చెప్పిన పాపానికి నేనే చేసి చూపించాను.

రెండేళ్ల కిందట ఒకరోజు ఉన్నట్టుండి గఫార్ చనిపోయాడు. నేను బెంబేలెత్తిపోయి జశ్వంత్‌కు ఫోన్ చేశాను.

"మళ్ల నడుపున్రి మేడం, బతుకుతడు" అన్నాడు.

మళ్లీ నడిపాను. బతికాడు.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ చూసే మిషను ఉంటుంది. పదిహేడు దాటితే వడ్లు తీసుకోరు. పద్దెనిమిది చూపిస్తే ఏ రైతూ వడ్లు ఎత్తుకుని ఇంటికి పోడు. "ఇంకో దోసెడు పొయ్యి" అంటాడు. కుప్పకు ఆ పక్క నుంచి ఒక దోసెడు, ఈ పక్క నుంచి ఒక దోసెడు, పదిహేడు వచ్చేదాకా పోస్తూనే ఉంటారు. వచ్చిందా, అయిపోయింది, అదే నిజం. నేనూ జశ్వంతూ ఆ కుప్పల మీద ఆడుకుని పెరిగినవాళ్లమే. గింజలేని పొట్టును తాలు అన్నట్టు, ఒకసారి ఒకలా ఇంకోసారి ఇంకోలా చెప్పే ఆ టెస్టుకు 'తాలు టెస్టు' అని పేరు పెట్టి, దోసెడు మీద దోసెడు పోస్తూ రెండేళ్లు గడిపేశాం.

చివరికి మళ్లీ నడపడం కూడా విసుగొచ్చి జశ్వంత్ ఒక ఏర్పాటు చేశాడు. కొత్తది విడుదల చేసేటప్పుడు గఫార్ చనిపోతే కంప్యూటరే మరో రెండుసార్లు నడుపుతుంది. మూడింటిలో ఒక్కసారి బతికినా బతికినట్టే. నేను "శభాష్ రా" అన్నాను. రాసిపెట్టుకోండి, నేనే అన్నాను.

పోర్చుగల్‌లో ఆలివ్ తోటలకు మా ప్రోగ్రాము వాడే పెద్దమనిషి ఒకాయన మా టెస్టుల పేర్లను తన భాషలోకి మార్చుకుని చదివి ఉత్తరం రాశాడు. "గఫార్ గారి మరణం మమ్మల్ని కలచివేసింది. అదే రోజు సాయంత్రం ఆయన కోలుకున్నారని తెలిసి ఊరట చెందాం. బుధవారం మళ్లీ పోయారట. కుటుంబానికి ధైర్యం కలగాలి." దానికి ఏం జవాబు రాయాలో తెలియక "ధన్యవాదాలు" అని రాశాను.

కొంప మునిగింది మొన్న జూన్‌లో. ప్రోగ్రాము వాడే మూడు వందల నలభై మంది రైతులకు వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. కొత్తది విడుదల చేసినప్పుడల్లా అందులోకి దానంతటదే కబురు వెళ్లేలా జశ్వంత్ ఏదో కట్టాడు. ఏం కట్టాడో గానీ, విడుదల కబురుతో పాటు టెస్టుల కబుర్లు కూడా పోవడం మొదలైంది. పొద్దున పదింటికి మూడు వందల నలభై ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. 'గఫార్ చనిపోయాడు.'

పావుగంటలో ఆయన ఇంటి ముందు జనం. పూలదండలు వచ్చాయి. టెంటు వేసేవాడు అడక్కుండానే గుంజలు దించాడు. గఫార్ అన్న ఆ సమయానికి పొలాల్లో ఏదో బావి దగ్గర ఉండి, పనిలో పడి ఫోను చూసుకోక, పానాల సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. వాకిట్లో జనాన్ని చూసి వెనకనున్న మనిషిని అడిగాడు.

"ఏందన్నా, ఎవలు పోయిన్రు?"

"గఫార్ పోయిండట."

"అయ్యో, టేకుమట్ల గఫారా? మొన్ననే మాట్లాడితి గదనే!" అని ఆయన కూడా తల మీది టోపీ సర్దుకుని జనంలో నిలబడ్డాడు.

లోపలి నుంచి ఏడ్చుకుంటూ వచ్చిన ఆయన భార్య గుల్షన్ బేగం ఆయన్ను అక్కడ చూసి ఒక్క కేక పెట్టింది. ఆ కేక అయ్యేలోపే ఫోన్లు మళ్లీ మోగాయి. 'గఫార్ బతికి ఉన్నాడు.' జనం సంతోషంగా ఎవరిళ్లకు వాళ్లు పోయారు. టెంటు మనిషి మాత్రం గుంజలు తీయలేదు, "ఉండనీ, మళ్ల ఎత్తుడెందుకు" అన్నాడట. మధ్యాహ్నానికి మళ్లీ చనిపోయాడు కాబట్టి వాడి ముందుచూపును తప్పుపట్టలేం.

గ్రూపులోకి పోయే కబుర్లను జశ్వంత్ ఆ సాయంత్రమే ఆపేశాడు గానీ, మర్నాటి నుంచి పొద్దున ఏడింటికి నా ఫోను మోగేది.

"మనోరమా, ఇయ్యాల మా ఆయన ఎట్లున్నడు?" అని గుల్షన్ బేగం.

"వదినె, అది ఉత్తుత్తి గఫార్. మీ ఆయన నీ ఎదురుంగనే ఉన్నడు గదా?"

"ఉన్నడు, చాయ్ తాగుతున్నడు. గని మీ మిషన్ల ఎట్లున్నడు?"

ఎర్రగా ఉందంటే ఆ రోజు ఆయన్ను గడప దాటనిచ్చేది కాదు. నాట్ల రోజులు. మోటార్లు చెడిపోయిన రైతులు గఫార్ కోసం తిరిగి తిరిగి, చివరికి నాకు పైరవీలు మొదలుపెట్టారు. "మేడం, జర ఇయ్యాల గఫార్‌ను బతికియ్యిన్రి, నా మడి ఎండిపోతుంది." ఒకాయన రాజకీయ నాయకుడి మనిషితో ఫోన్ చేయించాడు. "మనోళ్లే మేడం, చూసి పచ్చ జెయ్యిన్రి" అన్నాడు ఆ మనిషి. నేను వాడికి బాగా గడ్డి పెట్టాను. తర్వాత మళ్లీ నడిపి పచ్చ చేశాను కూడా, అది వేరే సంగతి.

ఇలా పదిహేను రోజులు సాగాక గఫార్ అన్నే పంచాయితీ పెట్టించాడు. "ఉన్నడనన్నా చెప్పుమను, పోయిండనన్నా చెప్పుమను. పొద్దుకో మాట అంటే నేనెట్ల బతకాలె?" అన్నది ఆయన ఫిర్యాదు. పెద్దమనిషి మా జగపతి కాక, మా నాయినకు తమ్ముడు. మండలంలో భూముల తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు నలభై ఏళ్లుగా ఆయన వాకిట్లోనే తెగుతాయి. కంప్యూటరు ముఖం ఆయన ఎప్పుడూ చూసినవాడు కాదు. మా కాకే కదా, నా వైపు మాట్లాడకపోతాడా అనుకుని ధీమాగా వెళ్లాను.

వాకిట్లో అందరికీ ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. జశ్వంత్ లాప్‌టాప్‌కు కూడా ఒక కుర్చీ వేసి, దాని ముఖం పెద్దమనుషుల వైపు తిప్పి పెట్టారు. గుల్షన్ బేగం అరుగు మీద కూర్చుంది.

"నష్టపోయినోడు గఫార్. మరి గీ మిషనేంది, దొంగనా?" అని కాక అడిగాడు.

"దొంగ కాదు కాకా, సాక్షి" అన్నాను. "మేం రాసిన ప్రోగ్రాము మంచిదో కాదో అది చెప్తది. గని దాని మాట మీద దానికే నిలకడ లేదు."

"అయితే చెప్పనియ్యి, విందాం."

జశ్వంత్ పదిసార్లు నడిపాడు. ఎనిమిదిసార్లు గఫార్ బతికాడు. ప్రతిసారీ జనం తలలూపారు. తొమ్మిదోసారి చనిపోయాడు. గుల్షన్ బేగం "తోబా తోబా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గఫార్ అన్న తన చెయ్యి తానే తడిమి చూసుకున్నాడు. పదోసారి బతికాడు.

కాక చాలాసేపు లాప్‌టాప్ వైపు చూశాడు, అబద్ధమాడే మనిషి కళ్లలోకి చూసినట్టు.

"నలభై ఏండ్ల సంది సాక్షులను జూస్తున్న. మాట మార్చేటోడు ఊకెనే మార్చడు బిడ్డా. ఆనికంటె ముందుగాల ఎవలో వచ్చి పోతరు. మాట మారిన నాడు ఎవలు ముందొచ్చిన్రు, మారని నాడు ఎవలొచ్చిన్రు, గది చూసిన్రా?"

"చూడలే" అన్నాడు జశ్వంత్.

"మరి గీ రెండేండ్లు ఏం జేసిన్రు?"

"మళ్ల నడిపినం."

"అంటే సాక్షి మీకు నచ్చిన మాట చెప్పేదాంక అడిగిన్రు. గది సాక్ష్యం తీసుకునుడా, పైరవీనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. నలుగురిలో పరువు తీశాడని మండింది. నిజానికి ఆయన అడిగిందాంట్లో తప్పేమీ దొరక్క ఇంకా మండింది. "నీకేం తెలుసు కాకా, గిది కంప్యూటర్ పని" అన్నాను.

"తెల్వదు. అందుకె తీర్పు సులువుగ జెప్తున్న. ఇయ్యాల్టి సంది గఫార్ పేరు తియ్యిన్రి. ఎవలు మళ్ల నడుపుతరో ఆల్ల పేరు పెట్టున్రి. గంతె."

ఉన్నవాళ్లందరికీ తీర్పు మహా నచ్చింది. గఫార్ అన్న అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. మళ్లీ నడిపినవాళ్ల జాబితా మా దగ్గరే ఉంటుంది. జశ్వంత్ తీసి చూపించాడు, ఒక్కో పేరూ పైకి చదివాడు. చాలామటుకు మనోరమే.

మర్నాడు జనగామలో, కాలేజీకి సెలవు పెట్టి, టెస్టులో పేరు మార్చాను. పంతానికే మార్చాను, ముసలాయనకు బుద్ధి చెబుదామని. నడిపాను. 'మనోరమ బతికి ఉంది.' నవ్వొచ్చింది. రెండోసారి బతికి ఉంది. మూడోసారి కూడా. నాలుగోసారి ఎర్రగా వచ్చింది.

'మనోరమ చనిపోయింది.'

నా వేలు అలవాటు కొద్దీ మళ్లీ నడిపే మీట దాకా వెళ్లి ఆగిపోయింది. నొక్కబుద్ధి కాలేదు. ఉత్తుత్తి బావి అని తెలుసు, ఉత్తుత్తి కరెంటు అని తెలుసు. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గఫార్ అని ఉన్నప్పుడు ఇదే ఎర్ర అక్షరాన్ని చూస్తూ నేను ఉప్మా తిన్నాను. ఆ సంగతి గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

జశ్వంత్‌ను రమ్మన్నాను. మధ్యాహ్నం బండికి వచ్చాడు. ఇద్దరం కాక అడిగిన ప్రశ్నే పట్టుకుని కూర్చున్నాం: ఎవరు ముందొచ్చారు? టెస్టు నడిచినప్పుడల్లా ఏ కబురు ఏ క్షణానికి డబ్బాకు చేరిందో రాసేలా పెట్టాం. సాయంత్రానికి తేలింది. 'మనిషి దిగుతున్నాడు' అన్న కబురు ఒకటి, 'కరెంటు వచ్చింది' అన్న కబురు ఒకటి. తొమ్మిదిసార్లు మనిషి కబురు ముందు చేరుతోంది. ఒకసారి కరెంటు ముందొస్తోంది. అప్పుడు డబ్బాకు మనిషి సంగతి ఇంకా తెలియదు. మోటారు తిప్పేస్తుంది.

మరి ఫోను? ఫోను డబ్బా జవాబు కోసం ఆగడం లేదు. మీట నొక్కగానే 'దిగండి' అంటోంది. ఆ వరస రాసింది నేనే. పిల్లలకు ఆదర్శంగా చూపించిన వరస.

"మేడం" అన్నాడు జశ్వంత్. "గట్లయితే టెస్టు తాలు కాదు. గింజే. గఫార్ అన్న గీ రెండేండ్లు..."

"నోర్ముయ్" అన్నాను. ముందు గఫార్ అన్నకు ఫోన్ చేసి ఏ బావిలోనూ కాలు పెట్టొద్దన్నాను. తర్వాత గ్రూపులో రాశాం, తప్పు మాదేనని, ఎవరూ ఫోనును నమ్మి దిగొద్దని. పోర్చుగల్ ఆయనకూ రాశాను. ఈసారి ధన్యవాదాలు అని రాయలేదు.

దిద్దడం చిన్న పనే. డబ్బా "విన్నాను" అని తిరిగి కబురు పంపేదాకా ఫోను 'ఆగండి' అంటుంది. విన్నాకే 'దిగండి'. మా పొలాల్లో సిగ్నలుకు ఆ రాకపోకలకు పదకొండు సెకన్లు పడుతుంది. నా పేరుతోనే వెయ్యిసార్లు నడిపాం. వెయ్యిసార్లూ బతికాను. కొత్తది విడుదల చేయగానే గ్రూపులో తిట్లు మొదలయ్యాయి. "పాతదే మంచిగుండె, గిది మస్తు స్లో ఉంది." "పదకొండు సెకండ్లు ఎవడు నిలవడుతడు?" నేను ఒక్కొక్కడికీ విడివిడిగా జవాబిచ్చాను. ఆ జవాబులు ఇక్కడ రాయను.

వారం తర్వాత శ్రీశైలం అనే ఆయన బావి దగ్గర పని పడింది. మోటారు తిరిగేటప్పుడు ముట్టుకుంటే షాకు కొడుతోందని ఫిర్యాదు. డబ్బాకు తాళం, తాళంచెవి భూపాలపల్లి బొగ్గుబావి డ్యూటీలో ఉన్న శ్రీశైలం మొలతాడుకు. గుల్షన్ బేగం తానూ వస్తానంది. నేను, జశ్వంత్, కాక కూడా వెళ్లాం. మిట్టమధ్యాహ్నం. మోటారు ఐదు మెట్ల కింద గట్టు మీద ఉంది. ఆ మెట్లు వంకర. దిగేవాళ్లంతా మోటారునే పట్టుకుని గట్టు మీద కాలు పెడతారు.

గఫార్ అన్న పానాలు సర్దుకుని మీట నొక్కాడు. 'ఆగండి' అని వచ్చింది.

"చూసినవా చెల్లె, ఇదివరకైతే టక్కున దిగేటోణ్ని" అని నవ్వి, ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టి నిలబడ్డాడు.

జశ్వంత్ పైకే లెక్కపెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. గాలి లేదు, వాన లేదు. డబ్బా మీది ఎర్ర లైటు ఆరి వెలిగింది, మా ఊళ్లలో రోజుకు ఇరవైసార్లు ఆరి వెలిగినట్టే. ఆరు అంటున్నాడు జశ్వంత్. మోటారు గుర్రుమని తిరిగింది. పైపులోంచి నీళ్లు ఎగిరి మడిలో పడ్డాయి. ఎవరం కదల్లేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది అని వాడు ఆపకుండా లెక్కపెడుతూనే ఉన్నాడు, ఆపడం మర్చిపోయినట్టు. పదికి మోటారు దానంతటదే ఆగిపోయింది. నీళ్లు సన్నగా కారి నిలిచాయి. పదకొండుకు గఫార్ అన్న చేతిలో ఫోను 'దిగండి' అంది.

ఆయన దిగలేదు. మెట్టు మీది కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"పాతదైతే గీపాటికి నేను యాడుందును చెల్లె?"

ఎక్కడుండేవాడో అందరికీ కనబడుతూనే ఉంది. రెండు చేతులూ ఆ మోటారు మీదే ఉండేవి.

"తాళం పలగ్గొట్టి ఫ్యూజు పీకున్రిరా! శ్రీశైలానికి నేను చెప్పుకుంట!" అని కాక అరిచాడు. జశ్వంత్ రాయి వెతకడానికి పరిగెత్తాడు.

గుల్షన్ బేగం గఫార్ అన్న చొక్కా వెనక నుంచి పట్టుకుని బావికి పది అడుగుల దూరం లాక్కెళ్లి నేల మీద కూర్చోబెట్టింది. తర్వాత నా వైపు వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొడితే పడదామనే నిలబడ్డాను.

"ఏడ్వకు మనోరమా" అంది. "ఉన్నడు గదా."

నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియదు.